చూస్తున్నవారు ఒక్కరు

2008లో అనంతపురం పాతూరులో నాకు కంప్యూటర్లు, కెమెరాలు బిగించే చిన్న దుకాణం ఉండేది. నగల అంగళ్ళకు, పెట్రోలు బంకులకు నిఘా కెమెరాలు పెట్టడం నా పని. నాకు తెలిసిందల్లా దొంగను పట్టే కెమెరా. కావలసిన మనిషికి కనపడటానికి కెమెరా ఇమ్మని నన్ను అడిగింది తాడిపత్రి చర్చివాళ్ళు ఒక్కరే.

ఎండాకాలంలో ఒక పొద్దున ఆ చర్చి పాస్టరు గారు వచ్చారు. వెంట ఏసోబు అని నలభై దాటిన మనిషి. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని. స్నానం చేసే వచ్చినట్టున్నాడు గాని కనుబొమల్లో తెల్లటి రాతిపొడి అట్లాగే ఉంది.

"మా ఆదివారం ఆరాధన ఇంటర్నెట్లో కనపడాల సార్. దేశం దాటి చూసినా కనపడాల," అన్నారు పాస్టరు.

"ఎవరు చూస్తారు?"

"ఈయప్ప భార్య, కరుణమ్మ. గల్ఫులో ఆస్పత్రిలో ఆయా పనికి పోయింది. ఆయమ్మ ఉండే హాస్టల్లో కంప్యూటర్ ఉండాదంట."

ఏసోబు గొంతు సవరించుకున్నాడు. "ఫోన్లో గొంతు వినపడతాది సార్. మొగాలు చూసుకొని రెండేండ్లాయ."

డబ్బు సంగతి నేనడక్కుండానే పాస్టరు చెప్పారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన కుండలో వేస్తారు. అది దేవుని వంతు. వారానికోసారి పోగుచేసి అమ్ముతారు. కరుణమ్మ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇల్లిల్లూ తిరిగి ఆ బియ్యం ఎత్తుకొచ్చేది ఆమే. ఇప్పుడు ఆ బియ్యంతోనే ఆమెకోసం కెమెరా కొంటున్నారు.

నెట్‌వర్క్ కెమెరా అంటే పక్కన కంప్యూటర్ లేకుండా తనంతట తానే బొమ్మను ఇంటర్నెట్లోకి పంపే కెమెరా. ఆ రోజుల్లో మా జిల్లాలో దాని పేరు విన్నవాళ్ళు తక్కువ. నేను తాడిపత్రి పోయి, చర్చి కొలతలు తీసుకుని, నాకు తెలిసిన విద్యంతా వాడాను. అటూ ఇటూ తిరిగే పీటీజెడ్ రకం వద్దన్నాను. ఆ ఊరి గాలిలో ఉన్న రాతిపొడికి దాని పళ్ళచక్రాలు ఆరు నెలలు కూడా ఆగవు. కదలని కెమెరా, వెడల్పుగా చూసే లెన్సు ఎంచాను. వేదిక వెనక కిటికీ ఉంది, ఎదురువెలుగుకు మొహాలు నల్లబడతాయి కాబట్టి దాన్ని సర్దుకునే గుణమున్న మోడల్ చూశాను. బ్రాడ్‌బ్యాండ్ లైను పంపే వేగం నత్తనడక, అందుకని బొమ్మ చిన్నదిగా పెట్టాను.

ఇంకొక రకం కూడా ఉండేది, టూ-వే ఆడియో. చూసేవాళ్ళు మాట్లాడితే కెమెరా దగ్గర స్పీకర్లో వినిపిస్తుంది. "ప్రసంగానికి ఎవరూ ఎదురు మాట్లాడరు కదా అయ్యగారూ, మనకెందుకిది?" అన్నాను. ఆయన నవ్వారు. మైకు మాత్రమే ఉన్నది తీసుకున్నాం. అంత తెలివైనవాణ్ణి నేను.

మగవాళ్ళు కూర్చునే వైపు రెండో స్తంభానికి కెమెరా బిగించాను. దుమ్ము పడకుండా ఆడవాళ్ళు దానికి గుడ్డతో టోపీ కుట్టారు. ఆదివారం టోపీ తీసి ప్లగ్గు పెట్టాలి, ఆరాధన అయ్యాక ప్లగ్గు పీకి టోపీ తొడగాలి. చర్చి కంప్యూటర్లో ఒక పేజీ తెరిచి పాస్టరుకు చూపించాను. అందులో ఎంతమంది చూస్తున్నారో అంకె కనిపిస్తుంది.

మొదటి ఆదివారం అంతా బాగుందో లేదో చూద్దామని దుకాణం సగం షట్టరు ఎత్తి, లోపల కంప్యూటర్లో ఆ బొమ్మ తెరిచాను. ఆరాధన మొదలవకముందే ఏసోబు వచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు. చేతులు ఏం చేయాలో తెలియక నమస్కారం పెట్టాడు. మాట్లాడలేదు. వెనక జనం సర్దుకుంటున్నారు, సిగ్గు. పాట మొదలయ్యేదాకా అట్లాగే చూస్తూ నిలబడి, పోయి చాప మీద కూర్చున్నాడు.

పాస్టరు ఫోన్ చేశారు. "ఒకటి అని చూపిస్తాండాది సార్! కరుణమ్మ చూస్తాండాది!"

నాకూ సంతోషమనిపించింది. పని అయిపోయింది. రెండో ఆదివారం మళ్ళీ తెరవవలసిన అవసరం లేదు. కానీ తెరిచాను. మూడోదీ, నాలుగోదీ తెరిచాను. లైను చూస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను గాని అది అబద్ధం. అంతకు ముందు ఏడాదే నా భార్య చనిపోయింది. ఆదివారం ఇంట్లో గోడ గడియారం చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నేను చర్చికి పోయేవాణ్ణి కాను, మా ఇంట్లో ఉన్నది కదిరి నరసింహస్వామి పటం. అయినా ఆ చిన్న బొమ్మలో ఒక మనిషి వారం వారం వచ్చి నా వైపే చూస్తూ నిలబడేవాడు. అంతసేపు నా మొహంలోకి చూసేవాళ్ళు నాకెవరూ మిగల్లేదు.

తొమ్మిదో ఆదివారం నాకు జ్వరం. దుకాణానికి పోలేదు. సోమవారం పాస్టరు ఫోన్ చేశారు.

"సార్, నిన్న సున్నా చూపించింది. కెమెరా చెడిపోయిందా?"

"ఏసోబు భార్య ఏమంది?"

"రాత్రి ఫోన్ చేసిందంట. కనపడినావు, బాగుండావు అనిందంట."

దుకాణానికి పోయి లాగ్ తెరిచాను. లాగ్ అంటే ఎక్కడెక్కడి నుంచి ఎవరు వచ్చి చూసిందీ కెమెరా తనకు తానే రాసుకునే చిట్టా. ఎనిమిది ఆదివారాలకూ ఉన్నది ఒక్కటే జాడ. అది నా దుకాణానిది. పాస్టరుకు కనిపించిన ఆ ఒకటి నేనే.

పాస్టరు దగ్గర నంబరు తీసుకుని ఆ సాయంత్రం కరుణమ్మకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. "అమ్మా, మీకు బొమ్మ వస్తోందా?" అని అడిగాను.

ఫోన్లో తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"ఈడ ఆదివారం డ్యూటీ సార్. శుక్రవారం ఒక్క దినమే లీవు."

గల్ఫులో వారపు సెలవు శుక్రవారమని నాకు తెలియని సంగతి కాదు. మా వీధిలోనే ముగ్గురు పోయివచ్చారు. అయినా తట్టలేదు. ఆదివారమంటే ఎక్కడైనా ఆదివారమే అనుకున్నాం అందరం.

"శుక్రవారం శుక్రవారం తెరుస్తాండా సార్. ఏమీ రాదు, తెల్లగా ఉంటాది. అది పిడికెడు బియ్యంతో కొన్న కెమెరా. ఆ బియ్యం ఎత్తినదాన్ని నేను, ఎవురింట్లో ఎంత కష్టమో తెలుసు. నాకు కనపడల్యా అని ఎట్ల చెప్పేది? ఆయప్పకైతే అసలు చెప్పలేను. కనపడినానా అని అంత ఆశగా అడుగుతాడు."

"నేను చూశానమ్మా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"మీరు చూసినారా? ఏం చేస్తాడు సార్ ఆడ నిలబడి? చెప్పండి సార్."

చెప్పాను. మొదటి వారం నమస్కారం పెట్టాడన్నాను. రెండో వారం కొత్త నీలం చొక్కా వేసుకొచ్చాడు, మడతలు కూడా పోలేదు. మూడో వారం ఎడమచెయ్యి వీపు వెనక దాచుకున్నాడు, తిరిగి పోయేటప్పుడు చూస్తే బొటనవేలికి కట్టు ఉంది.

"నాకు చెప్పనే లేదు సూడు," అంది.

నాలుగో వారం అరచేతంత నల్లరాయి పాలిష్ పట్టి తెచ్చాడు, మెరుపు కనపడాలని అటూ ఇటూ తిప్పాడు. ఆరో వారం మీసానికి రంగేసుకొచ్చాడు, అది చెంపకు కూడా అంటింది. ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపయింది. మిగతా వారాలు ఏమీ తేలేదమ్మా, ఊరికే చూస్తూ నిలబడ్డాడు అన్నాను.

మర్నాడు తాడిపత్రి బస్సెక్కాను. పాస్టరుకు సంగతి చెప్పగానే ఆయన నుదురు కొట్టుకున్నారు. "శుక్రవారం మాకు ఉపవాస ప్రార్థన ఉండాది కదప్పా! జనం తక్కువని కెమెరా ప్లగ్గే పెట్టం." చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా పని. కొత్త కెమెరా అక్కర్లేదు, కొత్త తీగ అక్కర్లేదు. శుక్రవారం టోపీ తీసి ప్లగ్గు పెడితే చాలు.

ఏసోబుకు చెప్పడమే కష్టం. ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ తాగుతూ చెప్పాను. గ్లాసు చేతిలో పట్టుకుని నా వైపు చూశాడు. అదే చూపు, ఈసారి తెర లేకుండా.

"అయితే ఇన్ని వారాలూ నన్ను చూసింది నువ్వాన్నా?"

"నేనే."

"ఇంట్లో ఎవురూ లేరా, ఆదివారం అంగట్లో కూర్చుంటావు?"

"లేరు."

గ్లాసులో మిగిలిన టీ నేల మీద పారబోశాడు. కోపం వస్తుందనుకున్నాను. "పోనీలే. ఊరికే గోడకు చూపించినానేమో అనుకొంటి. ఎవురో ఒక మనిషి చూసినాడు కదా," అన్నాడు.

ఆ శుక్రవారం ఏసోబు సగం పూట సెలవు పెట్టాడు. నేను దుకాణంలో ఒక్క నిమిషం ఆ అంకె ఉన్న పేజీ మాత్రం తెరిచాను. ఒకటి అని ఉంది. ఆ ఒకటి నేను కాదు. బొమ్మ తెరవకుండా కంప్యూటర్ ఆపేశాను. మొగుడూ పెళ్ళాం చూసుకునే చోట నాకేం పని?

ఆ తర్వాత చాలా ఏళ్ళు కెమెరాలు అమ్మాను. లెన్సు, వెలుగు, లైను వేగం అన్నీ తర్వాతి మాటలు. కెమెరా కావాలని ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న, "చూసే మనిషికి ఎప్పుడు తీరుతుంది?" ఇది ఏ కంపెనీ పుస్తకంలోనూ లేదు. పిడికెడు బియ్యం పోసినవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను.

ఆ శుక్రవారం తర్వాతి ఆదివారం సంగతి ఒకటి మిగిలింది. ఇక చూడకూడదనుకుంటూనే, అలవాటు చొప్పున దుకాణానికి పోయి బొమ్మ తెరిచాను. ఆరాధనకు ముందు, కరుణమ్మ చూడదని తెలిసిన ఆదివారం, ఏసోబు వచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి, మైకు వైపు వంగి, మొదటిసారి మాట్లాడాడు.

"అన్నా, తిన్నావా?"

జవాబు చెప్పే దారి ఆ కెమెరాలో లేదు. అది వద్దన్నది నేనే. అయినా "తిన్లేదు" అని ఆ ఖాళీ దుకాణంలో పైకే అన్నాను. తర్వాత షట్టరు దించి, తాళం వేసి, తాడిపత్రి బస్సెక్కాను.