ఊక పరిచిన మూల

నలుగురు ఎదురుగా ఉంటే యమునాబాయికి మాట పెగలదు. వాళ్లుండే వరస ఇళ్ల చాళీలో నల్లా దగ్గర తగవు మొదలైతే బిందె చంకన పెట్టుకుని గోడ వారగా నిలబడి, అందరూ పోయాక నింపుకుని వచ్చే మనిషి. చూపు మాత్రం ఊరుకోదు. ఎవరి గొంతు మారింది, ఎవరు కాలీడుస్తున్నారు, ఎవరింట్లో పొయ్యి ఆలస్యంగా వెలిగింది, అన్నీ ఆమెకు తెలుస్తాయి. భర్త అంకుశం దగ్గు మారిన సంగతీ ముందు ఆమే పట్టింది.

అంకుశం మీసాలు రాకముందే సిరిసిల్ల వైపు నుంచి భివండి వచ్చి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడ్డవాడు. పని దిగి వచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీద తెల్లటి దూది నూగు ఉండేది. పెండ్లికొడుకు లెక్క లేనా అని అద్దం ముందు నవ్వేవాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూగు లోపలికి దిగింది. కార్ఖానాకు సెలవు వచ్చిన మర్నాడు మళ్లీ సాంచ దగ్గరికి పోతే ఛాతీకి తాడు బిగించినట్టయ్యేది. సర్కారు దవాఖానా డాక్టరు ఛాతీ ఫొటో వెలుతురుకు పట్టి చూసి, ఈ ధూళిలోంచి బయటపడకపోతే తన మందులు దండగేనన్నాడు.

ధూళి లేని పని భివండిలో ఎక్కడ దొరుకుతుంది? మాన్కోలి గోదాముల్లో మూటలు మోసే ఊపిరి అతనికి లేదు. ఆ రోజుల్లోనే బట్టకు గిరాకీ పడిపోయి, అతని యజమాని దత్తాత్రి శేట్ ఊళ్లో కార్ఖానాలు ఉంచుకుని, ఊరవతలి దాంట్లోని సాంచలను పాత ఇనుము లెక్కన భంగారుకు అమ్మేశాడు. షెడ్డు ఖాళీగా పడుంది. అందులో బ్రాయిలర్ కోళ్లు పెంచుతానని అంకుశం అడిగాడు. దత్తాత్రి వాళ్ల ఊరి పక్కవాడే. కాదనలేదు, అవుననీ అనలేదు.

"ఒక్క బ్యాచి పెంచి సూపెట్టు అంకుశం. మంచిగైతే షెడ్డు నీదే అనుకో. కాకపోతే మాత్రం మల్ల సాంచల మీదికి రావాలె. నాకు పనోళ్లు దొరుకుతలేరు."

మళ్లీ సాంచల మీదికి అన్న మాట యమునాబాయి గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

కోడిపిల్లల కింద ఏదైనా పరచాలి. ఊక కొనడమెందుకని అంకుశం నవ్వాడు. దత్తాత్రి కార్ఖానాల్లో సాంచల కింద ఊడ్చిన నూగు, తెగిన దారాలు గోనె సంచుల్లో మూలుగుతున్నాయి, అడిగినన్ని తీసుకుపొమ్మన్నారు. సంచులన్నీ తెచ్చి కుమ్మరించి, మడమ లోతున పరిచాడు. మనుషులకే ఇంత మెత్తటి పరుపు లేదన్నాడు. పసుపు ముద్దల్లాంటి పిల్లలు అందులో దిగి కిచకిచలాడుతుంటే, కొత్త కోడలు గృహప్రవేశం చేసినంత సంబరపడ్డాడు. కిటికీలకు గోనెపట్టాలు బిగించేశాడు. గాలి తగిలితే దారం తెగుతుందని సాంచల కార్ఖానాలో కిటికీ తెరవనివ్వరు. చిన్నప్పటి నుంచి అలవాటైన చెయ్యి, దారం లేని చోట కూడా అదే పని చేసింది.

యమునాబాయి పొద్దున ఊళ్లో సాంచలకు దారం కండెలు చుట్టి, మధ్యాహ్నం ఆటోలో అన్నం డబ్బా పట్టుకుని షెడ్డుకు వచ్చేది. అంకుశం రాత్రింబవళ్లు అక్కడే, తలుపు పక్కన చాప మీద ఉండేవాడు.

మొదట్లో బాగానే ఉంది. పిల్లలు ఎదిగి, తాగేది పెరిగి, రెట్ట పెరిగాక నూగు తడిసింది. తడిసిన దూది ఆరలేదు. నీళ్ల పళ్లేల చుట్టూ అట్టలు కట్టి, పైకి మెత్తగా, కింద చిత్తడిగా పడుంది. తలుపు తెరిస్తే ఘాటు కళ్లలోకి కొట్టేది. కొన్ని కోళ్లు కన్ను మూసుకుని నిలబడేవి. రొమ్ము మీద ఈకలు రాలి చర్మం ఎర్రగా కమిలింది, అరికాళ్లలో నల్లటి పుండ్లు లేచాయి. కొన్నిటి వేళ్లకు దారం చుట్టుకుని బిగిసింది. యమునాబాయి ఒక్కోదాన్ని ఒళ్లో పెట్టుకుని, కండె మీది చిక్కు తీసినట్టు ఓపిగ్గా విప్పేది. అలా ఒళ్లో పెట్టుకున్నప్పుడే వినిపించింది. కోడి నోరు తెరిచి, మెడ చాచి, సన్నగా ఈల వేసినట్టు ఊపిరి తీస్తోంది. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు, ఇన్నేళ్లూ రాత్రుళ్లు పక్కన వింటున్నదే.

పిల్లల్ని అమ్మిన కంపెనీ డాక్టరు వచ్చాడు. మరాఠీ మనిషి. పరుపులోంచి ఒక పిడికెడు తీసి పిండితే వేళ్ల మధ్య నుంచి నీళ్లు కారాయి. మంచి పరుపైతే పిడికిట్లో కొంచెం కుదురుకుని, వదలగానే విడిపోవాలని హిందీలో చెప్పాడు. ఇది తడిని పట్టుకుని వదలదని, ఆ తడిలో రెట్ట పులిసి విషపు గాలి లేస్తోందని, ఎండిన చోట లేచే నూగు కూడా వాటి ఊపిరికి చేటేనని, ఊక పరిచి కిటికీలు తెరవమని చెప్పి బండెక్కాడు.

అంకుశం ముఖం మాడిపోయింది.

"ఇరవై ఏండ్లు గీ నూగుల్నే తిన్న, గీ నూగుల్నే పన్న. నేను సచ్చిన్నా?"

అతని కోపం డాక్టరు మీద కాదని యమునాబాయికి తెలుసు. కొన్ని వారాల్లో కోళ్లకు ఇంత చేటు చేసింది ఇన్నేళ్లలో తనకేం చేసిందో అతను లెక్కకట్టాల్సి వస్తుంది. ఆ లెక్క దగ్గరికి పోవడం అతనికి ఇష్టం లేదు.

నీళ్ల పళ్లేలు కడిగి పెట్టి, ఆమె మెల్లగా అడిగింది. "ఓ అయ్యా, గా కిటికి కాడి మూల నాకియ్యరాదు. గా మూలొక్కటే."

"ఏం జేస్తవ్?"

"జూస్త."

మర్నాడు వాడా ఊరి వైపు బియ్యం మిల్లు నుంచి ఊక బస్తాలు టెంపోలో దించుకుంది. మూలలోని అట్టలు పారతో లేపి బయట పారేసి, నేల ఎండనిచ్చి, సున్నం చల్లి ఊక పరిచింది. పాత చీర అడ్డంగా కట్టి, ఎక్కువ నలిగిన కోళ్లను అటు చేర్చింది. ఆ పక్క కిటికీ పట్టా విప్పేసింది. ఊక వేసి కూర్చుంటే సరిపోదని ఆమెకు రెండు రోజుల్లోనే తెలిసింది. ఒక రాత్రి జల్లు కొట్టి కిటికీ కింద ముద్దయింది. తడిసినంత మేర ఎత్తిపోసి కొత్తది వేసింది. రోజూ వచ్చీరాగానే పళ్లున్న కర్రతో కింది ఊక పైకి తిరగేసేది. అంకుశం దూరం నుంచి చూస్తూ, కోళ్లకు దువ్వెన పెడుతున్నవా అని ఎకసెక్కమాడేవాడు.

రోజులు గడిచాయి. ఇవతలి వైపు రోజూ ఒకటో రెండో చచ్చిపోతూనే ఉన్నాయి. చీర అవతలివి మాత్రం కళ్లు తెరిచాయి. కాళ్ల పుండ్లు పొలుసు కట్టాయి. గింజ వేస్తే తోసుకుంటూ వచ్చేవి.

ఒకనాడు కండెల పని లేక ఆమె పొద్దున్నే షెడ్డుకు వచ్చింది. తలుపు పక్కన చాప లేదు. మూలకు అడ్డం కట్టిన చీర తొలగించి చూసింది. తెరిచిన కిటికీ కింద, ఊక మీద చాప పరుచుకుని, కోళ్ల మధ్య అంకుశం పడుకుని ఉన్నాడు. దగ్గు లేదు, ఈల లేదు. ఒక కోడి అతని కాళ్ల దగ్గర ఒదిగి కూర్చుంది. ఎన్నాళ్లకో అతను అంత నిద్రపోవడం. లేపబుద్ధి కాక, ఆమె గుమ్మంలోనే కూర్చుంది.

లేచాక అతను ఆమె వంక చూడలేదు. ముఖం కడుక్కుని, పార తీసుకుని, తనవైపు నూగంతా ఎత్తడం మొదలుపెట్టాడు. ముక్కుకు తువాలు కట్టుకున్నాడు. సాంచల మీద ఏనాడూ కట్టుకోనివాడు. పట్టాలన్నీ ఒక్కొక్కటే విప్పాడు.

బ్యాచి అమ్ముడుపోయేనాటికి మిగిలినవాటిలో సగం తూకానికి రాలేదు. దత్తాత్రి వచ్చి, ఖాళీ షెడ్డులో అటూ ఇటూ తిరిగాడు. అనుకున్నదే అయ్యిందన్నాడు. ఎల్లుండి నుంచి పనిలోకి రమ్మన్నాడు. యమునాబాయి స్తంభం చాటున నిలబడి ఉంది. ఎన్నడూ లేనిది, ఆమె ముందుకు వచ్చింది.

"శేట్, గా మూల కోళ్లు జూసినవా? అన్ని తూకానికి వచ్చినయి. షెడ్డంత గా మూల లెక్క జేస్తే ఎట్లుంటదో జూడు. ఇంకొక్కపారి."

దత్తాత్రి ఆశ్చర్యంగా అంకుశం వైపు తిరిగాడు. "నీ ఇంటామెకు నోరున్నదానోయ్?"

"నాగ్గూడ ఇయ్యాల్నే తెలిసె శేట్," అన్నాడు అంకుశం.

దత్తాత్రి నవ్వాడు. ఈసారికి సరేనన్నాడు. ఇదే ఆఖరని వేలు చూపించి పోయాడు.

కొత్త పిల్లలు వచ్చిన మధ్యాహ్నం యమునాబాయి డబ్బా పట్టుకుని ఎప్పటిలాగే తలుపు తోసింది. అంకుశం అడ్డం నిలబడ్డాడు.

"ఆగు. గట్లనే లోపటికొస్తవా? కొంగు సూడు, తలకాయ సూడు. అంత నూగే."

ఆమె చేత్తో తడుముకుంది. నిజమే. పొద్దుటి కండెల ధూళి తల నిండా ఉంది. అతను చేయి చాపి, ఆమె చెవి వెనక నుంచి ఒక పోగు తీసి, వెలుతురులో పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కండెల పని ఇడ్సిపెట్టు యమునా. ఇక్కడ ఇద్దరికి సరిపడ పని ఉన్నది. ఊక నువ్వు మలిపినట్టు నాకొస్తలేదు."

ఆమె బయటికి పోయి, గాలివాటంగా నిలబడి, కొంగు విప్పి దులిపింది. నూగు లేచి రోడ్డు వైపు పోయింది. ఇంకోసారి, గట్టిగా దులిపింది.