పైబాణం లేని షెల్

నేను రిటైరయ్యే ముందటి సంవత్సరం, జూలై నెల రెండో సోమవారం, జంషెడ్‌పూర్‌లోని ఒక కర్మాగారపు కూలింగ్ వాటర్ పంపుహౌస్‌కు కొత్త కంట్రోల్ పెట్టె తయారుచేసే పని నాకు అప్పగించారు. అప్పటికి నేను ఆ కర్మాగారానికి పరికరాలు సరఫరా చేసే ఒక చిన్న కాంట్రాక్టు సంస్థలో సీనియర్ టెక్నీషియన్‌ని. మా వర్క్‌షాప్ కద్మాలో ఉండేది. హోదా టెక్నీషియన్‌దే అయినా, పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్ కూర్పంతా నా చేతిమీదుగానే జరిగేది. ఆ విషయం మీద పుస్తకాలు చదివినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఈ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని నేనే తరచు గుర్తుచేస్తూ ఉండేవాణ్ణి.

నేను ఐటీఐ చదివిన ఫిట్టర్‌ని. కంప్యూటర్ కాలేజీ గుమ్మం తొక్కలేదు. తెలిసిందంతా ఆదివారాలు మా ఇల్లున్న భాలుబాసా నుంచి నడిచి వెళ్ళి, సాక్చి లైబ్రరీలో కూర్చుని, నోట్సు రాసుకుని సంపాదించిందే. ఆ నోట్సు పుస్తకాలు పద్నాలుగు. ఇంట్లో బియ్యం డబ్బా కంటే పదిలమైన చోట వాటిని పెట్టేవాణ్ణి. మా ఆవిడ వచ్చినవాళ్ళకు నన్ను పరిచయం చేసే పద్ధతి ఒకటే: "సదువు పొపీసరుది, జీతం ఫిట్టరుది."

కొత్త పెట్టెకు ఒక షెల్ ఎంచుకోవాలి. షెల్ అంటే మనిషికీ యంత్రానికీ మధ్య కూర్చునే గుమస్తా. మనం కీబోర్డు మీద కొట్టిన ఆజ్ఞను చదివి, లోపలి ప్రోగ్రాముకు పురమాయించి, జవాబు తెచ్చి తెర మీద పెడుతుంది. పంపుహౌస్‌లో అంతకుముందున్నది మామూలు కంప్యూటర్. అందులో బ్యాష్ అనే షెల్ ఉండేది. అన్నీ తెలిసిన, బాగా ఒళ్ళున్న గుమస్తా. కొత్తది అరచేయంత బోర్డు. ఒకే పని కోసం ఒక పరికరంలో పొదిగే ఇలాంటి చిన్న కంప్యూటర్లను ఎంబెడెడ్ సిస్టమ్‌లంటారు. దానిలో ప్రోగ్రాములు దాచుకునే ఫ్లాష్ చిప్ చాలా చిన్నది. బ్యాష్‌ను అందులో పెడితే మిగతావాళ్ళు బయట నిలబడాలి.

తేలికపాటి షెల్‌లలో చివరికి రెండు మిగిలాయి: హష్, యాష్. హష్ మరీ చిన్నది గాని, మా పాత స్క్రిప్టుల్లో కొన్నిటి దగ్గర తడబడింది. యాష్ వాటిని చిన్న సవరణలతో నడిపింది. యాష్ తీసుకున్నాను. ఈ వ్యవహారంలో నేను చేసిన సరైన పని ఇదొక్కటే కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఎంచుకున్నాక కూర్పు చెయ్యాలి. దానికొక మెనూ ఉంటుంది. షెల్‌కు ఉండగల సదుపాయాలన్నీ వరసగా ఉంటాయి. కావలసినదాని ఎదుట నక్షత్రం గుర్తు పెట్టాలి, వద్దనుకుంటే తీసెయ్యాలి. తీసిన ప్రతి గుర్తుకూ కొన్ని కిలోబైట్లు మిగులుతాయి. రెండు రోజులు కూర్చుని నక్షత్రాలు కోశాను. కొట్టిన లైనును వెనక్కి వెళ్ళి దిద్దుకునే సదుపాయం తీసేశాను. పాత ఆజ్ఞలను గుర్తుపెట్టుకుని, పైబాణం మీట నొక్కితే తిరిగి చూపించే సదుపాయం తీసేశాను. పొడుగాటి రాతను పేజీ పేజీగా ఆపి చూపించే పనిముట్టునూ తీసేశాను. మొత్తం మీద ముప్పై కిలోబైట్ల దాకా మిగిలింది. ఇరవయ్యారు పేజీల నివేదిక రాసి, మొదటి పేజీలో "లంఖణం పరమౌషధం" అని పెట్టాను. మా యజమాని ఘోష్ బాబు బెంగాలీ. దాని అర్థం ఆయనకు చెప్పడానికే పావుగంట పట్టింది. ఆయన తలాడించి, "చలేగా నా?" అని మాత్రం అడిగారు. నడవకపోవడమేమిటని నొచ్చుకున్నాను.

పైబాణం తీసెయ్యడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. నివేదిక రాయకముందు పంపుహౌస్‌కు వెళ్ళి రెండు గంటలు చూసి వచ్చాను. అక్కడి ఆపరేటరు సింహాచలం. వాళ్ళది టెక్కలి వైపు, ఇల్లు బర్మామైన్స్‌లో. పదకొండేళ్ళుగా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. అతని ముఖ్యమైన పని నీటి ప్రవాహాన్ని కొలిచే మూడు ఫ్లో మీటర్లకు జీరో సెట్ చెయ్యడం. పంపు ఆగినప్పుడు మీటరు సున్నా చూపాలి. రోజులు గడిచేకొద్దీ అది కాస్త జరుగుతుంది. దాన్ని తిరిగి సున్నాకు తేవాలి. అందుకు కొట్టవలసిన ఆజ్ఞ గీతలతో, అంకెలతో దాదాపు యాభై అక్షరాలు. సింహాచలం ఒక్క అక్షరమూ కొట్టలేదు. పైబాణం నొక్కాడు, ఎంటర్ కొట్టాడు, అయిపోయింది.

ఆజ్ఞ ఎప్పుడు కొడతావని అడిగాను. నవ్వాడు.

"కొట్టడం ఏటి గురువుగారూ? ఎప్పుడో ఎవులో కొట్టీసి ఎలిపోనారు. మేం పైకి నొక్కుతాం, అంతే. షిఫ్టు దిగినోడు వరస సరిసేసి మరీ దిగాల. నేదంటే మా వోళ్ళు ఊరుకోరు."

అంటే మూడు షిఫ్టుల వాళ్ళూ ఆ మూడు ఆజ్ఞలనూ ఒకే వరసలో ఉంచి ఒకరికొకరు అప్పగించుకుంటున్నారు. మధ్యలో ఎవరైనా వేరే ఆజ్ఞ నడిపితే, దిగేముందు మూడింటినీ మళ్ళీ నడిపి వరసను యథాస్థానానికి తేవాలి. పదకొండేళ్ళలో ఒక్కసారీ తప్పని క్రమశిక్షణ అది. నా నివేదికలో దాన్ని నేను వర్ణించిన తీరు ఇది: "సిబ్బందికి టైపింగ్ రాదు. కొత్త షెల్ ఈ దురలవాటును మాన్పించును."

ట్రయల్ ఆగస్టు చివరి గురువారం. కర్మాగారం తరఫున తనిఖీ అధికారి మిశ్రాగారు వచ్చారు. ఆయన ముందు ఆపరేటరు మూడు మీటర్లకూ పది నిమిషాల్లో జీరో సెట్ చెయ్యాలి. చేస్తే పెట్టెను ఒప్పుకున్నట్టు. దానితోపాటు ఇంకొకటి ఉంది. కాంట్రాక్టు మనిషి లోపలికి రావాలంటే గేట్ పాస్ కావాలి. దాన్ని ఏటా పొడిగించుకోవాలి. కొత్త పెట్టె మీద పని వచ్చునని తనిఖీ అధికారి సంతకం చేస్తేనే ఆ ఏడు సింహాచలం పాస్ పొడిగిస్తామన్నారు. పాత పాస్ శనివారంతో ముగుస్తుంది.

సింహాచలం కుర్చీలో కూర్చుని, వేలు తుడుచుకుని, పైబాణం నొక్కాడు. తెర మీద ఒక టోపీ గుర్తు, రెండు బ్రాకెట్లు, ఒక ఇంగ్లీషు ఏ అక్షరం పడ్డాయి. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అవే. మూడోసారీ అవే. నా వైపు తిరిగాడు.

"గురువుగారూ, ఇదేటండీ? బాణం తెరకి గుచ్చుకుపోనాది."

మిశ్రాగారు గడియారం చూసుకుని, "కమాండ్ యాద్ నహీఁ హై క్యా?" అన్నారు, ఆజ్ఞ గుర్తులేదా అన్నట్టు.

పుస్తకాలు చదివినవాణ్ణి నేనున్నాను గదా. సింహాచలాన్ని లేపి కుర్చీలో కూర్చున్నాను. యాభై అక్షరాల్లో నలభై దాకా బాగానే కొట్టి, ఒక అంకె తప్పు కొట్టాను. దిద్దుదామని వెనక్కి చెరిపే మీట నొక్కితే చెరగడానికి బదులు ఇంకో టోపీ గుర్తు పడింది. దిద్దుకునే సదుపాయం తీసేసింది నేనే. మళ్ళీ మొదటినుంచి కొట్టాను. ఈసారి గీత ఒకటి తగ్గింది. మూడోసారి మీటరు నంబరు ఏ చోట రావాలో నాకే అనుమానం వచ్చింది.

అప్పుడు సహాయ పత్రం గుర్తొచ్చింది. పెట్టెలో నేను స్వయంగా రాసి పెట్టిన పుస్తకం అది; ఇంగ్లీషులో, హిందీలో, షెల్ చరిత్రతో సహా. దాన్ని తెరిచాను. పేజీ పేజీగా ఆపే పనిముట్టు లేదు గనుక మొత్తం రాత వరద గేట్లు ఎత్తినట్టు పైకి పరుగెత్తి, చివరి లైను దగ్గర ఆగింది. ఆ లైనులో నా పూర్తి పేరూ, "రచయిత" అనే మాటా, పాఠకులకు ధన్యవాదాలూ ఉన్నాయి.

మిశ్రాగారు ఆ లైను చదివి నా ముఖం చూశారు. "బహుత్ అచ్ఛా లిఖా హై," అన్నారు. పది నిమిషాలు అయిపోయాయి. రిజిస్టరు తీసి ఏదో రాసి, మర్నాడు పదకొండింటికి ఇంకొక్కసారి చూస్తానని వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక ఆ పేజీ చూశాను. నా పేరు లేదు, షెల్ పేరూ లేదు. "ఆపరేటరుకు ఆజ్ఞలు రావు" అని ఉంది.

బయట మెట్ల మీద సింహాచలం బీడీ వెలిగించుకున్నాడు. నామీద కోప్పడితే బాగుండేది. "ఫర్వా నేదండి. మీరు కాగితమ్మీద రాసియ్యండి, పొద్దుటికల్లా బట్టీ పట్టెత్తాను. పిల్లలు ఎక్కాలు పట్టరా?" అన్నాడు. బీడీ నుసి దులిపి మళ్ళీ అన్నాడు. "అయితే గురువుగారూ, పాస్ పోతే మళ్ళీ కొత్తోడి కింద లెక్కండి. గేటుకాడ ఏడాది నిలబడాల."

పద్నాలుగు పుస్తకాలున్న నేను పట్టలేని బట్టీని అతణ్ణి పట్టమని ఎలా రాసిస్తాను? కాగితం తీశాను గాని, ఆజ్ఞ రాయలేదు. ఆ మూడూ ఏ వరసలో ఉండేవో చెప్పమన్నాను. ఆజ్ఞ పేరు అతనికి తెలియదు. స్థానాలు తెలుసు.

"పైకి ఒకటి నొక్కితే మూడో పంపు. అదే ఎక్కువ జరిగిపోద్ది, అందుకని దగ్గిర పెట్టినాం. రెండుకి ఒకటో పంపు. మూడుకి రెండోది; దానికి నీల్లు పూర్తిగా ఆగినాకే సెయ్యాల, తొందరపడి సేత్తే తప్పు సున్నా పట్టెత్తాది. అందుకే దూరంగా ఉంచినాం."

ఇది నా ఇరవయ్యారు పేజీల్లో ఎక్కడా లేదు.

వర్క్‌షాప్‌కు వచ్చి ఘోష్ బాబుకు జరిగింది చెప్పాను. తీసేసినవి తిరిగి పెట్టాలన్నాను. ఆయన "జగహ్ కహాఁ హై?" అని చోటు సంగతి అడిగారు. న్యాయమైన ప్రశ్న, చిప్ నిండిపోయింది. చిప్‌లో ఉన్న ఫైళ్ళన్నిటినీ పరిమాణం వారీగా తెర మీదకు తెప్పించాము. ప్రోగ్రాములను వదిలేస్తే అన్నిటికన్నా లావుది పైనే ఉంది: నలభై ఆరు కిలోబైట్లు. ఘోష్ బాబు కళ్ళద్దాలు సవరించుకుని, "యే మోటా కిస్‌కా హై?" అన్నారు. ఆ లావుది నా సహాయ పత్రమేనని చెప్పాను. ముప్పై కిలోబైట్ల కోసం షెల్ చేత లంఖణాలు చేయించినవాణ్ణి, నా రచనకు నలభై ఆరు వడ్డించుకున్నాను. ఆయన కుర్చీ నా వైపు జరిపి టీ తెప్పించారు.

సహాయ పత్రం తీసేశాను. లైను దిద్దుకోవడం, పాత ఆజ్ఞల జ్ఞాపకం, పేజీ ఆపడం మూడింటి నక్షత్రాలూ తిరిగి పెట్టాను. అయినా ఒక చిక్కు మిగిలింది. షెల్ తన జ్ఞాపకాన్ని ఒక ఫైలులో రాసుకుంటుంది. ఫ్లాష్ చిప్ మీద అస్తమానం రాస్తూ ఉంటే అది త్వరగా అరుగుతుంది. తాత్కాలిక మెమరీలో రాస్తే కరెంటు పోగానే చెరిగిపోతుంది. అందుకని సింహాచలం చెప్పిన వరసలో ఆ మూడు ఆజ్ఞలనూ ఒక చిన్న ఫైలుగా రాసి, చెరపడానికి వీల్లేని భాగంలో పెట్టాను. ఆపరేటరు లాగిన్ అయిన ప్రతిసారీ అది తాత్కాలిక మెమరీలోకి నకలు అయి, షెల్ అక్కడినుంచి చదువుకుంటుంది. కరెంటు పోయినా, మధ్యలో ఎవరు ఏం నడిపినా, మళ్ళీ లాగిన్ కాగానే వరస వరసగానే ఉంటుంది. ఆ ఫైలు పరిమాణం రెండు వందల బైట్లకు లోపు. పంపుహౌస్‌లో ఉన్నటువంటి కీబోర్డునే తెచ్చి, బాణం మీటా చెరిపే మీటా నా వేలితోనే నొక్కి చూశాను. గురువారం ఉదయం దాకా ఆ పని చెయ్యాలని నాకు తోచనేలేదు.

మిగిలింది రిజిస్టరు. పెట్టె బాగుపడినా ఆ లైను అలాగే ఉంటే పాస్ విషయంలో ఎవరైనా దాన్ని చూపించవచ్చు. శుక్రవారం పొద్దున్నే కొత్త కూర్పును పంపుహౌస్ పెట్టెలోకి ఎక్కించి, పదింటికే మిశ్రాగారి గదికి వెళ్ళాను. దారిలో నా రిటైర్మెంటుకు ఇంకా ఎన్ని నెలలుందో రెండుసార్లు లెక్కపెట్టుకున్నానని ఒప్పుకోవాలి. తప్పు ఆపరేటరుది కాదు, కూర్పు చేసిన నాది అని చెప్పాను. నోటితో చెబితే కుదరదు, "లిఖ్ కే దీజియే" అన్నారాయన. నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టాను. నేను రాసినవాటిలో కర్మాగారం దస్త్రాలకెక్కింది అదొక్కటే.

పదకొండింటికి సింహాచలం కూర్చున్నాడు. ఒకసారి పైబాణం, ఎంటర్. రెండోదానికి వరస చూసుకుని నొక్కాడు. మూడో ఆజ్ఞ తెర మీదకు తెచ్చి ఎంటర్ కొట్టకుండా ఆగిపోయాడు. మిశ్రాగారు ఎందుకాగావన్నారు. "సాబ్, దో నంబర్ మే పానీ అభీ హిల్ రహా హై," అన్నాడు. నీళ్ళు పూర్తిగా నిలిచాక కొట్టాడు. ఆరు నిమిషాలైంది. మిశ్రాగారు ముందురోజు లైనును ఒక గీతతో కొట్టేసి, పక్కన పొడి సంతకం చేసి, పాస్ కాగితం మీద పూర్తి సంతకం చేశారు. శనివారం సింహాచలం పాస్ ఇంకో ఏడాదికి పొడిగించారు.

ఆ తర్వాత ఉద్యోగంలో మిగిలిన నెలల్లో ఇంకా మూడు పెట్టెలు కూర్చాను. ప్రతిదానికీ కూర్పు మొదలుపెట్టే ముందు ఒక పూర్తి షిఫ్టు అది వెళ్ళే చోట కూర్చుని, ఏ వేలు ఏ మీట మీదకు ఎన్నిసార్లు వెళ్తోందో రాసుకున్నాను. దిగేవాడు ఎక్కేవాడికి ఏం అప్పగిస్తున్నాడో చూశాను. వాడుకలో ఉన్న సదుపాయాన్ని తీసే ముందు దాన్ని వాడేవాణ్ణి అడగాలి. అడిగేది కూడా ఎందుకు వాడుతున్నావని అడగాలి గాని, ఎందుకు మానవని కాదు.