ఎవరి ఎడమ?

ఈ ఉదయం పెట్రోలు బంకులో టైరుకి గాలి పట్టిస్తుంటే గొట్టం చివర నుంచి సన్నగా బుస వినిపించింది. పొగమంచు ఇంకా విడలేదు. ఎండ ఉందో లేదో తెలియని ఆ తెల్లటి వెలుగులో రబ్బరు వాసన ముక్కుకి తగిలింది. ఆ క్షణంలో నేను బంకులో లేను. ఘాజియాబాదులోని మా పాత అపార్టుమెంటు కింద, బానెట్ ఎత్తి ఉన్న కారు ముందు ఉన్నాను. నా పక్కన చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని సువార్త ఆంటీ ఉంది. వెనకవాడు హారన్ కొట్టేదాకా అక్కడే ఉండిపోయాను.

ఆంటీ వాళ్లది మా ఎదురిల్లు. బాపట్ల వైపు నుంచి నర్సుగా వచ్చి, ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో హెడ్‌నర్సు అయింది. నేను పదో తరగతితో చదువు ఆపేసి, లెక్కలు సొంతంగా నేర్చుకుని, అక్కడే ఒక ఫ్యాక్టరీలో విడిభాగాల స్టాకు చూసేవాణ్ని. ఆంటీ నన్ను పేరుపెట్టి పిలిచేది కాదు, లెక్కల మాస్టారనేది. ఆ పిలుపులో వెక్కిరింత ఎంతో, ముద్దు ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేకపోయాను. ఆవిడ భర్త యోహాను అంకుల్ ఒక రాయబార కార్యాలయంలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడి దొర తన జపాన్ కారుని వెళ్లిపోతూ ఈయనకే అమ్మేశాడు. దానికి రెండు టర్బోలు. ఇంజనులోకి గాలిని బలంగా తోసే చక్రాలవి. నెమ్మదిగా పోతున్నప్పుడు ఒక్కటే పనిచేస్తుంది, వేగం పెరిగాక రెండోది వచ్చి కలుస్తుంది. ఆ కలిసే వేళని చూసుకునేవి కొన్ని వాల్వులు, వాటికి బిగించిన చిటికెనవేలంత సన్నటి వాక్యూమ్ గొట్టాలు. బానెట్ కింద అవి విప్పిన నూలు ఉండలా అల్లుకుని ఉండేవి.

ఒక ఏడాది ఏప్రిల్‌లో అంకుల్ పగిలిపోయిన గొట్టాలన్నీ పీకేశాడు. కొత్తవి కొలిచి కోసి, ఒక్కోదానికీ ఆంటీ ఆసుపత్రి నుంచి తెచ్చే తెల్ల ప్లాస్టరు ముక్క అంటించి, ఎడమ వాల్వు, కుడి వాల్వు, ముందు, వెనక అని రాసుకున్నాడు. బిగించేలోపు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట పడిపోయాయి. ఎదుటివాళ్లు చెప్పేది మాత్రం అంతా తెలిసేది. చలికాలం రాగానే ఆంటీ ఆయన్ని కింద ఎండలో కుర్చీలో కూర్చోబెట్టేది. ఆయన కారునే చూస్తుండేవాడు. ఆ చూపు భరించలేక, గొట్టాలు నేను బిగిస్తానన్నాను.

ఆయన రాసిన చీటీల ప్రకారమే, ఏ వాల్వు ఎక్కడుందో కంపెనీ పుస్తకంలోని బొమ్మలో చూసుకుంటూ బిగించాను. బండి కదిలింది. గాలి ఒత్తిడి చూపే సూది పదికి చేరింది. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు అందుకోగానే రెండో టర్బో కలవాలి. కలవలేదు. ఎవరో నిట్టూర్చినట్టయి సూది ఆరుకి జారి అక్కడే నిలిచిపోయింది. మోహన్‌నగర్ నుంచి వచ్చిన మెకానిక్ భయ్యా బొమ్మ చూసి, రెండు చీటీలు పరీక్షించి, రెండూ తప్పేనన్నాడు. జీవితమంతా స్టీరింగు పట్టిన మనిషి కుడి ఎడమలు మరిచాడంటే అంకల్‌జీకి బుర్ర అప్పటికే తప్పుతున్నట్టే, ఈ రాతలు నమ్మలేం, ఇవన్నీ తీసిపారేసి ఒక్క టర్బోతో నడుపుకోండి అని వెళ్లిపోయాడు.

ఆంటీ అంకుల్‌కి వినపడనంత దూరం నన్ను తీసుకెళ్లింది.

"నేను నర్సునయ్యా. పక్కన పడుకున్న మనిషికి ఏప్రిల్‌లోనే తలకాయ తప్పుతుంటే నాకు తెలియలేదా? అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లుంటే ఈయనకి మాటుండేది కదా?"

అప్పటినుంచి ఆవిడకి అది ఉత్త కారు కాదని నాకు అర్థమైంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా బానెట్ ఎత్తింది. వాళ్ల వార్డులో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ మారేటప్పుడు ఇద్దరు నర్సులు రోగికున్న ప్రతి గొట్టాన్నీ చూస్తారు. ఒకరు వేలు ఎత్తకుండా చివరిదాకా తడుముతూ పోవాలి, రెండోవారు పైకి చెబుతుండాలి. నేను గాలి పుట్టే చోటినుంచి మొదలుపెట్టబోయాను.

"అటునుంచి కాదు మాస్టారూ. సెలైన్ సీసా వైపు నుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. రోగి దగ్గర్నుంచి రావాలి."

వాల్వు దగ్గర మొదలై ఆవిడ వేలు మెల్లగా పాకుతుంటే నేను చెబుతూ పోయాను. ఎండ పల్చగా, పాలలా పడుతోంది. ఆవిడ ఒంటినుంచి కొబ్బరినూనె, డెట్టాలు కలిసిన వాసన. కాసేపటికి మేమిద్దరం నిద్రపోతున్న మనిషి మీదికి వంగి ఉన్నట్టనిపించింది. గొట్టాలన్నీ అయ్యాక నాకొక సంగతి తట్టింది. ముందు, వెనక అని రాసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. కుడి, ఎడమ అని రాసినవి మాత్రం ఒక్కటి మిగలకుండా తప్పు. మతి తప్పినవాడు గుడ్డిగా రాసినా సగమైనా ఒప్పవుతాయి ఆంటీ, ఇన్ని తప్పులు వరసగా రావాలంటే బుర్ర చాలా సరిగ్గా ఉండాలి అన్నాను.

ఆవిడ వేలు ఆగిపోయింది. అంకుల్ వైపు తిరిగింది.

"ఏవండీ, ఇది ఎవరి ఎడమ? బండిదా, మీదా?"

అంకుల్ మంచిగా ఉన్న చేతిని నెమ్మదిగా ఎత్తి తన ఛాతీ మీద పెట్టుకున్నాడు.

పుస్తకంలో ఎడమంటే సీట్లో కూర్చున్నవాడి ఎడమ. అంకుల్ బానెట్ ముందు, ఇంజనుకి ఎదురుగా నిలబడి రాసుకున్నాడు. ఆంటీ నెత్తి కొట్టుకుంది. ఎదురుగా నిలబడి నీ కుడివైపున్న కాలుని కుడికాలు అనుకోకు, రోగి కుడే కుడి అని మొదటేడు నర్సింగు పిల్లలకి ఏళ్లకేళ్లు చెప్పానయ్యా, ఇంట్లో మొగుడికి చెప్పలేదు అంది. అంటూనే నవ్వింది, నవ్వుతూనే ముక్కు చీదుకుంది.

గొట్టాలు మార్చి హాపూర్ రోడ్డు మీదికి వెళ్లాం. అంకుల్ నా పక్కన, ఆంటీ వెనక. మంచు విడిపోతున్న చెరకు తోటల మధ్య సూది పదికి చేరింది. నాలుగు వేల దగ్గర ఒక్క క్షణం తగ్గి, తిరిగి లేచి నిలబడింది. ఇంజను ఊపిరి లోతుగా మారింది. అంకుల్ కళ్లు మూసుకుని వింటున్నాడు. అద్దంలో చూస్తే ఆంటీ రోడ్డునీ చూడట్లేదు, సూదినీ చూడట్లేదు. ఆయన మెడ వెనక భాగాన్నే చూస్తోంది.

"అంటే ఏప్రిల్‌లో మీరు బాగానే ఉన్నారు" అంది.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఎవరి లెక్కయినా తప్పొస్తే నేను వాళ్లని నా టేబుల్ దగ్గరికి పిలవను. వాళ్లని లేవమని, ఆ కుర్చీలో కూర్చుని, అక్కడినుంచి స్టాకు ఎలా కనిపిస్తుందో చూస్తాను. కొన్నిసార్లు తప్పు తప్పుగానే ఉంటుంది. అయినా కాసేపు కూర్చునే లేస్తాను.