మస్తాన్‌బీ అత్త ఆముదం సీసా

ఆముదం వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా వేళ్లు మంటెక్కినట్టుంటాయి. మొన్న కిరాణా కొట్లో ఎవరో సీసా మూత తీశారు. వెంటనే రొంపిచెర్ల పక్కన మా ఊరి మిరప కల్లం, అక్కడ తొడిమలు తీసే ఆడవాళ్లకు పెద్దదిక్కుగా ఉండే మస్తాన్‌బీ అత్త గుర్తొచ్చింది.

ఎనభైల నాటి మాట. నేను రోజూ బస్సులో నరసరావుపేట కాలేజీకి వెళ్లేదాన్ని. బస్టాండులో ఎవరో అబ్బాయితో మాట్లాడానని అమ్మ చెవిలో వేశారు. అమ్మ నన్నొక్క మాట అడగకుండా చదువు మాన్పించి, తనతో కల్లం పనికి తీసుకుపోయింది. అంతే, అమ్మతో మాట్లాడటం మానేశాను. రెండు నెలలు! చాడీ మోసింది మస్తాన్‌బీ అత్తేనని నా అనుమానం. ఆమె అల్లుడి సైకిల్ షాపు ఆ బస్టాండు ఎదురుగానే ఉంది మరి. పైగా రోజూ అమ్మనీ నన్నూ ఒకే కుప్ప దగ్గర కూర్చోబెట్టేది. కాపలాకే అనుకుని లోలోపల ఉడికిపోయేదాన్ని.

కాయల్లో చెయ్యి పెట్టేముందు మంట పుట్టకుండా అందరం చేతులకు ఆముదం రాసుకునేవాళ్లం. అత్తే వరసగా పోసుకుంటూ వచ్చేది. ఆ రోజు నా వంతు వచ్చేసరికి సీసా వెనక్కి తీసుకుంది.

"అయిపోయిందే పద్మా. మీ అమ్మ చేతిలో చానా పోశా, కాస్త అడుగు."

అమ్మ చేతులు చాపింది. నేను మొహం తిప్పుకుని ఉత్త చేతులతోనే పనిలో కూర్చున్నాను.

సాయంత్రానికి వేళ్లు భగభగ. అన్నం కలపబోతే ప్రాణం పోయినంత పనైంది. అమ్మ నా కంచం లాక్కుని పెరుగన్నం ముద్ద నోటి దగ్గర పెట్టింది. మూడు ముద్దలయ్యాక అడిగింది.

"ఆ పిల్లోడు ఎవుడే?"

"మా లెక్కల మేడం తమ్ముడు. ఆమెకు జరమొస్తే నోట్సు ఇచ్చి పంపింది."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"నువ్వు అడిగితే కదా!"

అమ్మ ఇంకో ముద్ద కలిపింది. "నాదేలేవే తప్పు. ముందు తిను," అంది. నాకు ఏడుపాగలేదు. సోమవారం తనే క్యారేజీ కట్టి కాలేజీ బస్సెక్కించింది.

అంతకుముందు రోజు, మర్చిపోయిన చెంబు కోసం కల్లానికి వెళ్తే అత్త కూర్చున్న చోట గోనెసంచుల వెనక, ఆ రోజు అయిపోయిందన్న ఆముదం సీసా కనిపించింది. సగానికి పైగా ఉంది.

"ఇదేంది అత్తా?"

"నాకేం తెల్సు?" అని తలొంచుకుని తొడిమ తుంచింది.

చాడీ మోసిందీ ఆమేనా? అడిగే ధైర్యం నాకు రాలేదు, ఆమె చెప్పనూ లేదు. ఆ అనుమానం అలాగే మిగిలింది. కానీ నా కూతురి గురించి ఎవరైనా నా చెవిలో ఏదైనా వేస్తే, దాని చేతులు బాగానే ఉన్నా సరే, ముందు అన్నం కలిపి నోట్లో పెడతాను. తర్వాత దాన్నే అడుగుతాను.