మునిగిన చుక్క

ఆ వీధిలో టైలరమ్మ అంటే తెలియనివాళ్ళు లేరు. ముప్పై ఏళ్ళుగా అదే కుర్చీ, అదే మిషను, పక్కన పొగలు కక్కే టీ గ్లాసు. రోజుకు ఎన్ని తాగుతుందో ఆమెకే లెక్క తెలియదు.

కిందటేడు కూతురి కాన్పులో రక్తం ఆగకుండా పోయింది. ముక్కూమొహం తెలియని నలుగురి రక్తం ఎక్కించి డాక్టర్లు కూతుర్ని దక్కించారు. "నేనొక్కసారైనా ఇవ్వకపోతే ఈ ఒళ్ళెందుకే?" అంది కూతురితో. పట్టిందంటే వదిలే మనిషి కాదు.

బ్లడ్ బ్యాంకులో నర్సు ఆమె వేలు గుచ్చి, ఒక చుక్కను నీలం మందునీళ్ళలో వేసింది. మునిగితే రక్తంలో సత్తువ ఉన్నట్టు, తేలితే లేనట్టు. అది హాయిగా తేలింది. ఐరన్ మాత్రలిచ్చి మూడు నెలలాగి రమ్మన్నారు. వచ్చింది. మళ్ళీ తేలింది! టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"ఒక్కపూట మానితే ఒట్టు తల్లీ! నోరు కాలుతున్నా టీతోనే మింగాను."

నర్సు నెత్తి కొట్టుకుంది. "టీతోనా? మాత్రని ఒంటికి పట్టనివ్వంది ఆ టీయే కదమ్మా!"

పొద్దున ఒక్క గ్లాసు తప్ప టీ మానేసింది. ఆ తలపోటులో ఎదురింటి మాస్టారి చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టేసింది. ఆయన మూడుసార్లు వచ్చి పోట్లాడితే, ఈవిడా తగ్గలేదు.

బ్లడ్ బ్యాంకులో మూడోసారి నీలం నీళ్ళలో చుక్క పడింది. క్షణం ఆగి, సూటిగా అడుక్కి దిగిపోయింది. "మునిగింది!" అన్న టైలరమ్మ అరుపుకి గదంతా ఉలిక్కిపడింది.

తన రక్తం గొట్టంలో పారుతుంటే ముట్టుకుని చూసింది. వెచ్చగా ఉంది. అబ్బ, ఇంత వేడి తనలో ఉందా!

"మా అమ్మాయికి కాన్పులో ఎవరో ఇచ్చారు. మరి ఇది ఎవరికెళ్తుందమ్మా?"

"చెప్పకూడదండీ. మీ అమ్మాయికి ఇచ్చినవాళ్ళకీ చెప్పలేదు."

"అంటే నా కూతురు బతికిందని వాళ్ళకి తెలియదా?"

"తెలియదు."

ఇంటిదారిలో ఎదురైన ప్రతి మొహాన్నీ ఆగి ఆగి చూసింది. కూతురికి రక్తమిచ్చింది వీళ్ళలో ఎవరైనా కావచ్చు. వీధి మలుపులో మాస్టారు చొక్కా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"ఇవాళ తేలాల్సిందే! ఇదేం కుట్టు?"

ఆమె నోరు చేసుకోలేదు. "మాస్టారూ, మీరెప్పుడైనా రక్తమిచ్చారా?"

"ఏటా ఇస్తూనే ఉంటాను. ఎందుకూ?"

టైలరమ్మ కళ్ళు నిండిపోయాయి. చొక్కా అందుకుని గుండెకు హత్తుకుంది. "ఇప్పుడే విప్పి కుడతాను, బాబూ. మీరు కూర్చోండి."