తలకే కొలత, తలపాగాకు కాదు

బళేపేటలో టోపీలు కుట్టే మా మరిది మొన్న సోమవారం పొద్దున పోయాడు. కబురు తెచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, నెత్తిమీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. లోపలి కుట్టు చూడగానే అది మరిది పనేనని తెలిసింది. ముందు ఆ కుట్టునే చూస్తూ ఉండిపోయాను. ఏడుపు తరువాత వచ్చింది.

నేను కాపురానికి వచ్చిన రోజునే నన్ను ఎగాదిగా చూసి, "వదిన తల పెద్దదే. లోపల ఎంత ఉండాదో మెల్లగా తెలుస్తాది" అన్నాడు. నలభై ఏళ్లు ఆ మాటకు బదులు చెబుతూనే ఉన్నాను. ఇక చెప్పించుకునేవాడు లేడు.

మొదట దొరలకు బెండు టోపీలు కుట్టేవాడు. యుద్ధం ముగిసి, మిలిటరీ మోటారు సైకిళ్లు వేలానికి వచ్చాక, వాటిని కొన్నవాళ్లు బెండు మీద తోలు వేసి కుట్టే హెల్మెట్ల కోసం అతని అంగడికే వచ్చేవారు. "సుఖంగా లేని హెల్మెట్‌ను మనిషి ఇంట్లో తగిలించి పోతాడు. అప్పుడది గోడమేకును కాపాడతాది" అనేవాడు.

మా చిన్నల్లుడు పట్టుగూళ్ల ఇలాఖాలో సర్కారు ఉద్యోగి. మోటారు సైకిల్ మీద రోజూ కె.ఆర్.పురం దాటి పోవాలి. దారంతా ఎద్దుబండ్లు, వానొస్తే బురద. దీపాలు పెట్టే వేళకు అతను రాకపోతే నా కూతురు ముద్ద నోట పెట్టేది కాదు. అందుకని నేనే అతన్ని మరిది అంగడికి తీసుకుపోయాను.

అత్తా అల్లుడూ ఎదురెదురుగా మాట్లాడుకునే ఆచారం మా ఇంట్లో లేదు. అల్లుడు మరిదితో, "తలపాగా మీద పట్టేంత పెద్దది కావాలి, మామగారూ" అన్నాడు. నేనూ మరిదితోనే, "ఆయన అడిగిందే ఇవ్వప్పా. లోపల గుడ్డ ఉంటే మెత్తగానే ఉంటుంది" అన్నాను. చదువుకున్నదాన్నే. అల్లుడి మాట కాదనకూడదన్న చోట చదువు పనిచేయదు.

మరిది అన్నిటికన్నా పెద్ద హెల్మెట్ తెచ్చి అల్లుడి తలపాగా మీద పెట్టి, వెనక నుంచి ఒక్క వేలితో నెట్టాడు. అది ముక్కుమీదికి జారింది.

"ఇది హెల్మెట్ కాదప్పా, బోర్లించిన బిందె. నేను తలకు కొలత తీస్తా, తలపాగాకు తీయను. దాన్ని తీసేయండి."

అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి మాత్రం పైకి లేవలేదు. పెళ్లయి మూడేళ్లయినా ఉత్తి తలతో అతన్ని మేమెవరమూ చూడలేదు. భోజనానికి కూడా తలకు ఉత్తరీయం చుట్టుకునే కూర్చునేవాడు. నాకంటే ముందు మరిదికి అర్థమైంది.

"వదినా, పక్కంగట్లో కొత్త గాజులు వచ్చినాయంట. మనవరాలికి చూసిరా పో."

"మనవరాలు ఇంకా పుట్టలేదు."

"పుట్టేలోగా చూసిరా."

పోయి కూర్చున్నాను. దండేలకు తొడిగిన గాజుల్లోంచి ఎండ దిగి గోడమీద పచ్చగా, ఎర్రగా కదులుతోంది. నడుమ ఒక్క చెక్కగోడే. అవతలి మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు వినబడుతున్నాయి.

"దీనికా ఇంత సిగ్గు? నాకు పాతికేళ్లకే జుట్టంతా పోయినాది. టోపీల పని ఊరికే నేర్చుకున్నాననుకుంటిరా?"

అల్లుడు నవ్వడం ఆ రోజే మొదటిసారి విన్నాను.

"తల అటూ ఇటూ తిప్పండి. దాంతోపాటు నుదుటి చర్మం కదలాల. పట్టీ బిగించి వెనక నుంచి ఎత్తితే ఊడకూడదు. ఇట్లే కూర్చుని కాఫీ తాగండి. నుదుట ఎర్రగా గీత పడితే వేరేది చూస్తాం."

ఆ కాఫీ ఎంతసేపు తాగారో తెలియదు. గాజుల రంగులు గోడ దిగి నా ఒళ్లోకి వచ్చాయి. తిరిగి వెళ్లేసరికి అల్లుడు హెల్మెట్‌తో, తలపాగాను కాగితంలో చుట్టి చంకలో పెట్టుకొని, ఏమీ జరగనట్టు నిలబడి ఉన్నాడు. నేనూ ఏమీ తెలియనట్టే నిలబడ్డాను. ఆ విద్యలో నాకు పేరుంది.

వానాకాలంలో కె.ఆర్.పురం అవతల ఎద్దులు బెదిరి బండి అడ్డం తిరిగింది. అల్లుడు మోరీ రాతిమీద పడ్డాడు. మోకాలు చీరుకుంది, హెల్మెట్ పక్క నొక్కుకుపోయింది, తలకు గీత పడలేదు. హెల్మెట్‌కు కుంకుమ పెట్టి మరిదికి చూపించడానికి తీసుకుపోయాను. చూసి, కత్తెరతో పట్టీ తెగ్గోశాడు.

"ప్రాణం నిలిపింది కదప్పా. ఇదే అచ్చొచ్చింది, ఇదే పెట్టుకుంటాడు" అన్నాను.

"ఒక దెబ్బ తినేసినాది వదినా. ఇంకోటి తినే సత్తువ లేదు. పూజలో పెట్టుకో. దేవుడికి పట్టీ అక్కర్లేదు."

కోపం వచ్చింది. ఆ రాత్రే కొత్తది కుట్టడం మొదలుపెట్టాడని తెలిసి, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నిన్న అల్లుడూ నేనూ వెళ్లి అంగడి తలుపు తీశాం. బల్ల సొరుగు నిండా తలల కొలతల కాగితపు పట్టీలు. ఒక్కదాని మీదా పేరు లేదు. మైసూరు రోడ్డు. హోసూరు రోడ్డు. కె.ఆర్.పురం దారి. ఎవరు ఏ దారిన పోతారో, అదే రాసుకున్నాడు. వీధిలోంచి గాలి వచ్చి అన్నిటినీ ఒక్కసారి లేపింది. కాసేపు ఆ దారులన్నీ అంగట్లో తేలుతూ, ఎక్కడికీ పోకుండా, మెల్లగా నేలమీదికి దిగాయి.