మనోరమ తెలుగు చేసిన కాగితాలు

చిక్కడపల్లిలో రెండో అంతస్తు గదిలో కూర్చుని మనోరమ ఇరవై రెండేళ్లుగా సర్కారు వారి ఇంగ్లీషు కాగితాలను తెలుగు చేస్తోంది. మహా పట్టుదల మనిషి. ఒకసారి ఆఫీసువాళ్లు "నిర్బంధం ఎందుకు మేడం, అరెస్టనే రాయుండ్రి" అంటే గంటసేపు వాదించింది. అరెస్టు చేయాలంటే నేరం కేసుండాలి. నిర్బంధానికి, రేపు ఏదో చేస్తాడేమోనన్న అనుమానం చాలు. లోపల కూర్చున్నవాడికి ఆ తేడా తెలియొద్దా? కారణాలు అతనికి వచ్చిన భాషలోనే చేతికివ్వాలని కోర్టులు ఎన్నిసార్లు చెప్పాయో! ఆ తీర్పుల మీద గౌరవంతోనే ఆమె ఒక్కో మాటకు నిఘంటువులు తిరగేసేది. చివరి పేజీ కింద, పని పూర్తయిన తేదీ తన చేత్తోనే వేసేది.

జులైలో ఒక మధ్యాహ్నం రేణుక అనే ఆవిడ నలభై పేజీల కట్టతో మెట్లెక్కి వచ్చింది. ఆమె భర్త ఎల్లేశంది అశోక్‌నగర్‌లో జిరాక్స్ దుకాణం. ఎవరో తెచ్చిన కరపత్రం అయిదు వందల కాపీలు తీసిచ్చాడు. దేశ భద్రతకు ముప్పని జైల్లో పెట్టారు. ఏం కాపీ తీస్తున్నామో చదివే తీరిక ఏ జిరాక్స్ దుకాణంలో ఉంటుంది?

"అంత ఇంగ్లీషే మేడం. ఎందుకు పట్టుకపోయిన్రో జర తెలుగుల చెప్పుండ్రి. ఆయన ఏడో తరగతి దాక తెలుగు మీడియమే."

మొదటి పేజీ చూడగానే మనోరమ గుర్తుపట్టింది. తాను తెలుగు చేసినదే. ఆఖరి పేజీలో 'తెలుగు ప్రతి అందింది, చదివి అర్థం చేసుకున్నాను' అని టైపు కొట్టి ఉంది. కింద ఎల్లేశం సంతకం, జూన్ నాలుగు. బీరువాలోంచి తన నకలు తీసింది. కింద తన చేతిరాత, జూన్ పదకొండు. ఇంకా పుట్టని తెలుగును అతను వారం ముందే చదివేశాడన్నమాట!

ఆఫీసు గుమాస్తా ఫణీంద్రకు ఫోన్ చేసింది.

"తెలుగు కాపీ ఫైల్ల ఉండాలె గద మేడం, గందుకు చేపిస్తం. లోపలున్నోళ్లకు ఇంగ్లీషుదే ఇచ్చి దస్కత్ తీసుకుంటం. మీరెందుకు పరేషాన్ అయితున్రు?"

ఇరవై రెండేళ్లు! మనోరమకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ తన తెలుగును ముట్టుకున్నది ఫైలుకు దారం కట్టిన అటెండరు ఒక్కడే. అతనైనా పేజీలు లెక్కపెట్టాడే గాని చదవలేదు.

మర్నాడే నారాయణగూడలో రేణుక లాయరు విద్యాసాగర్ ఆఫీసుకు వెళ్లి, తేదీల సంగతి ప్రమాణపత్రంగా రాసి సంతకం పెట్టింది. ఈ పని పోతే పోనీ అనుకుంది. కోర్టు నిర్బంధ ఉత్తర్వు కొట్టేసింది. ఎందుకు పట్టుకున్నారో తెలియని మనిషి ఏమని జవాబు చెప్పుకుంటాడు, దేశ భద్రత పేరు చెప్పి ఆ హక్కును లాగేసుకోలేరు అంది.

రేణుక వంట చేసి ఎదురుచూసింది. ఎల్లేశం ఇంటికి రాలేదు. జైలు గేటు దగ్గరే కొత్త ఉత్తర్వు చూపించి మళ్లీ లోపలికి తీసుకెళ్లారు. అదే ఉత్తర్వు పట్టుకుని ఫణీంద్ర మనోరమ గదికే వచ్చాడు.

"తెలుగు చేసేటోళ్ల లిస్టుల మీరొక్కరే ఉన్నరు మేడం. కోర్టు గట్టిగ అన్నది. ఈసారి తెలుగుది పక్కా ఇస్తం. సాయంత్రంలోగ కావాలె."

మనోరమ చదివింది. కామా కూడా మారలేదు.

"ఇది పాతదే గద ఫణీంద్రా!"

"తారీఖు మారింది గద మేడం."

మొహాన కొడదామనుకుంది. కానీ తాను చేయకపోతే ఎల్లేశం చేతికి మళ్లీ ఇంగ్లీషే పోతుంది. పళ్లు కొరుకుతూ చేసిచ్చింది.

వారం తర్వాత రేణుక రెండు కాగితాలతో వచ్చింది. ఎల్లేశం తెలుగు ప్రతిని రెండుసార్లు చదివాడట. చట్టం ఇచ్చిన హక్కు ప్రకారం జైల్లో కూర్చుని సొంతంగా జవాబు రాశాడు. 'ఈ కారణాలు కోర్టు కొట్టేసినవే. కొత్తది ఒక్కటైనా ఉంటే చూపించండి' అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. విద్యాసాగర్ కూడా ఇంత సూటిగా రాయలేడు. మనోరమకు చెప్పలేనంత సంతోషమేసింది.

"మరి ఇది నీ దగ్గరెందుకున్నదమ్మా? ఆఫీసుల ఇయ్యలేదా?"

"ఇయ్యబోయిన మేడం. తెలుగుల ఉన్నదని తీసుకుంటలేరు. ఇంగ్లీషుల చేపించుకొని రమ్మన్నరు."